చెప్పులోని వజ్రము

ధనము ఆర్జించినవారి చరిత్రలు లోకమున పెక్కు గలవు. ధనము చేజారిన దినమున మనుజుడెట్లు నడచుకొనెనో తెలుపు చరిత్రలు అరుదు. ధర్మరాజు కథ ఒక్కటి మాత్రము మన జాతి మరువలేదు. పాచికలు మొదట ప్రతికూలించిననాడే ఆయన సభనుండి లేచిపోయియుండినచో, పోయిన సొమ్ము పోయినదే కాని, రాజ్యమును, సోదరులును, ఇల్లాలును పందెమున కెక్కియుండెడివారు కారు. ఓటమికంటె ఓటమిని వెంటాడుటయే ఆయనను అడవులపాలు చేసెను. అటువంటి పరీక్ష వేరొక రూపమున హైదరాబాదు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖానునకు వచ్చెను. ఆయన అందులో కొంత ఓడెను; కొంత నేర్చెను. ప్రజలు మహబూబ్ పాషా అని ప్రేమతో పిలుచుకొన్న ఆ ప్రభువు చరిత్రలో ఈ భాగము విద్యార్థులు తెలిసికొనదగినది.

ఎల్.బి. నగరమున మెట్రో రైలునెక్కి నగరములోనికి వచ్చువారికి విక్టోరియా మెమోరియల్, దిల్‌సుఖ్‌నగర్, మూసారాంబాగ్, మలక్‌పేట స్టేషనులు దారిలో తగులును. మహబూబ్ పాషా నాటికి దిల్‌సుఖ్‌నగర్ అను పేరు లేదు. లాల్ బహదూర్ శాస్త్రి పేర వెలసిన ఎల్.బి. నగరము అసలే లేదు. నగరపు కోటగోడకు తూర్పున తోటలు, పొలములు, సరూర్‌నగర్ చెరువు, చిన్న పల్లెలు ఉండెడివి. అయినను ఆయన కాలపు గుర్తులు ఈ దారిలో మూడు గలవు. 1886లో ఆయన మలక్‌పేటకు తెచ్చిన గుఱ్ఱపు పందెముల మైదానము ఒకటి. ఆయన ప్రధానమంత్రి అస్మాన్ జా కొండమీద కట్టించుకొన్న అస్మాన్‌గఢ్ భవనము రెండవది. విక్టోరియా రాణి స్మారకముగా అనాథ బాలల కొరకు ఏర్పడిన సరూర్‌నగరు ఆశ్రమము మూడవది. ఆట, అధికారము, దయ అను మూటి నడుమనే ఆయన జీవితమంతయు నడచినది.

మహబూబ్ అలీఖాను 1866 ఆగస్టులో పురానీ హవేలీలో జన్మించెను. తండ్రి అఫ్జలుద్దౌలా 1869 ఫిబ్రవరిలో మరణించుటచే, మూడేండ్లైనను నిండని ప్రాయముననే సింహాసనము ఆయనకు సంక్రమించెను. బాలుని తరఫున రాజ్యమును కాపాడిన సంరక్షకులలో మొదటి సాలార్‌జంగ్ ముఖ్యుడు. ఆయనను గూర్చి రెండు మాటలు చెప్పనిదే ఈ కథ బోధపడదు. 1853లో, ఇరువదినాలుగేండ్ల వయస్సున, సాలార్‌జంగ్ దివాను పదవి నందుకొనునప్పటికి బొక్కసము శూన్యముగా ఉండెను. రాజుగారి నగలు తాకట్టులో ఉండెను. జిల్లాల రాబడి సాహుకారులకును, అరబ్బు సేనానాయకులకును ముందే వ్రాసి ఇయ్యబడియుండెను. సైన్యపు ఖర్చు బాకీల క్రింద బీరారు మండలము ఆ యేడే ఇంగ్లీషువారి చేతికి పోయెను. అప్పునకు అప్పు, ఆ అప్పునకు వడ్డీ, ఆ వడ్డీకి మరల అప్పు: పూర్వపు దివానులు నడచిన త్రోవ అది.

సాలార్‌జంగ్ ఆ త్రోవను విడిచెను. శిస్తు వసూలును గుత్తకిచ్చు పద్ధతిని క్రమముగా తొలగించెను. ఉద్యోగులకు జీతము లేర్పరచి, వసూలైన సొమ్ము ఖజానాకు తిన్నగా చేరునట్లు చేసెను. తాకట్టులను విడిపించెను. 1865లో రాజ్యమును జిల్లాలుగా విభజించి, ఎక్కడ ఎంత వచ్చుచున్నదో, ఎంత పోవుచున్నదో లెక్క తెలియునట్లు చేసెను. ఇందులో అద్భుతమేమియు లేదు. ఖర్చును రాబడికి లోబరచుట, పోయినదానిని ఒక్కదెబ్బతో రాబట్టవలెనను ఆశను మానుట, ఏండ్లతరబడి ఓర్చుకొనుట: ఇంతే. కాని ఈ మూడు పనులును ఏకకాలమున చేయగలవారు అరుదు. 1883 ఫిబ్రవరిలో విషూచి సోకి ఆయన హఠాత్తుగా మరణించునప్పటికి, మహబూబ్ అలీఖాను కొఱకు నిండుకొనని ఖజానా సిద్ధముగా ఉండెను.

సంచిని నింపినవాడు ఒకడు, విప్పవలసినవాడు మరొకడు. 1884 ఫిబ్రవరి 5వ తేదీన రాజప్రతినిధి లార్డు రిప్పన్ స్వయముగా హైదరాబాదునకు వచ్చి పదునెనిమిదవ యేట నున్న నిజామునకు సర్వాధికారముల నిచ్చెను. కెప్టెన్ క్లార్కు అను ఇంగ్లీషు దొర ఆయనకు చదువు చెప్పియుండెను. ఉర్దూలో కవిత్వము వ్రాయగల రసికుడు. దాగ్ దెహల్వీ ఆయన కవితాగురువు. గుఱ్ఱపు స్వారియందును, తుపాకి గురియందును నేర్పరి. పులుల వేటలో ఆయన పేరు ఉపఖండమంతట ప్రసిద్ధమాయెను. మారువేషమున రాత్రులు నగరమున తిరిగి పేదల కష్టములు విచారించెడివాడని జనులు చెప్పుకొనిరి. ఆయన పేరు చెప్పినచో పాము విషము దిగిపోవునని పల్లెటూరివారు నమ్మిరి. పురానీ హవేలీలో ఆయన దుస్తుల కొఱకు ఏర్పడిన కొయ్య అరల వరుస నేటికిని చూపరులకు ఆశ్చర్యము కలిగించును. ఒకమారు ధరించిన ఉడుపును మరల ధరింపడని ప్రతీతి. అడిగినవారికి లేదనుట ఆయనకు తెలియదు. తన కోరికకును లేదని చెప్పుట తెలియదు. దాతృత్వమును, దుబారాయు ఒకే చేతినుండి ప్రవహించెను.

మలక్‌పేట మైదానమున గుఱ్ఱములు పరుగెత్తుటకు ఆరంభించినది ఈ తొలి యౌవనకాలముననే. పందెపు మైదానమునకు వచ్చువారు రెండు తెగలు. గుఱ్ఱమును చూచుటకై వచ్చి, పోయినను బాధ లేని చిన్న మొత్తమును ఒడ్డి, సాయంకాలమునకు ఇంటికి పోవువారు ఒక తెగ. ఉదయము పోయిన దానిని సాయంకాలములోగా రాబట్టవలెనని చివరి పరుగుమీద ఉన్నదెల్ల ఒడ్డువారు రెండవ తెగ. మైదానమున జరుగునదే దర్బారులందును జరుగును.

మొదటి దెబ్బ గనులవలన తగిలెను. సింగరేణి మొదలగు గనుల హక్కులను లండనులోని ఒక కంపెనీకి అప్పగించిన వ్యవహారములో, రాజ్యపు ఉన్నతోద్యోగి అబ్దుల్ హఖ్ వాటాల అమ్మకములో స్వలాభము చూచుకొనెనని బయటపడెను. 1888లో బ్రిటిషు పార్లమెంటు సంఘము ఆ వ్యవహారమును విచారించెను. నమ్మినవాని చేతిలో ప్రభువు మోసపోయెనని లోకమునకు తెలిసిపోయెను. ఇటువంటి దెబ్బ తిన్నవారు ముందు జాగ్రత్తపడుదురని తలతుము. లోకములో తరచుగా జరుగునది దానికి విరుద్ధము. పోయిన గౌరవమును గొప్ప వస్తువుతో కప్పిపుచ్చుకొనవలెనను కోరిక నష్టము వెనువెంటనే పుట్టును.

సిమ్లాలో అలెగ్జాండర్ మాల్కం జాకబు అను రత్నవర్తకుడు ఉండెను. సంస్థానాధీశులకు మణులు, కళాఖండములు అమ్మి పేరు పొందినవాడు. ఇంపీరియల్ అను మహావజ్రము అమ్మకమునకు ఉన్నదని అతనికి తెలిసెను. దక్షిణాఫ్రికాలో లభించి, ఆంస్టర్‌డాములో సానపట్టబడిన ఆ వజ్రపు తూకము 184 కారట్లకు పైబడినది. 1891లో జాకబు నిజామును దర్శించెను. నిజామునకు సన్నిహిత సేవకుడైన ఆల్బర్టు ఆబిదు అను ఆర్మీనియనుడు మధ్యవర్తిగా నుండెను. నేటి ఆబిడ్స్ అతని దుకాణము పేరనే వెలసినది. బేరము 46 లక్షల రూపాయల వద్ద కుదిరెను. అందు సగము, 23 లక్షలు, ముందుగా బ్యాంకున కట్టబడెను. జాకబు ఆ సొమ్ముతో లండను యజమానులకు చెల్లించి వజ్రమును తెప్పించెను.

వజ్రము వచ్చెను, నిజాము వలదనెను. చూచి నచ్చినచో కొనుటకే తాను ఒప్పుకొంటిననియు, నచ్చలేదు గనుక సొమ్ము తిరిగి ఈయవలెననియు ఆయన వాదము. రాజ్యమునకు అప్పులుండగా ఇంత సొమ్ము రాతికి పోయుట తగదని ఇంగ్లీషు రెసిడెంటు అడ్డుపడుటయు దీనికి కారణమని చెప్పుదురు. ఏ కారణముననైనను, మనస్సు మార్చుకొనుటలో తప్పులేదు. అయితే సొమ్ము అప్పటికే లండను చేరినది.

ఇక్కడ నిజాము ఎదుట రెండు దారులుండెను. ఇచ్చిన సొమ్మును నష్టముగానో, వస్తువునకు వెలగానో లెక్కవ్రాసికొని ఊరకుండుట ఒకటి. పోయినదానిని రాబట్టుటకు పట్టుబట్టుట రెండవది. ఆయన రెండవ దారిని పట్టెను. జాకబు విశ్వాసఘాతుకము చేసెనని కలకత్తా హైకోర్టులో నేరము మోపబడెను. నిజాము స్వయముగా సాక్ష్యమియ్యవలసి వచ్చెను. హైదరాబాదులోనే కమిషను కూర్చుండి ప్రభువును ప్రశ్నించెను. కచ్చేరీలో వకీళ్ల ప్రశ్నలకు సమాధానము చెప్పుట ఆసఫ్‌జాహీ వంశమున ఎవ్వరును ఎరుగని అవమానము. ఆ యేటి చివర తీర్పు వచ్చెను, జాకబు నిర్దోషి. ధనము రాలేదు, పరువు పోయెను. అటుపిమ్మట కుదిరిన రాజీ ప్రకారము వజ్రము నిజామునకే దక్కెను.

గెలిచిన జాకబు మాట ఏమి? అతని కథ మరింత విషాదకరము. జీవితమున కూడబెట్టిన పేరును, మూలధనమును, సంస్థానాధీశుల నమ్మకమును అతడు ఒక్క రాతిమీద ఒడ్డెను. కోర్టులో గెలిచినను వకీళ్ల ఖర్చులు అతనిని మ్రింగెను. 46 లక్షలు అతని చేతికి పూర్తిగా ఎన్నడును రాలేదు. రాజులతో వ్యాజ్యమాడిన వర్తకుని గడప రాజులు మరల త్రొక్కలేదు. సిమ్లా దుకాణము మూతపడెను. 1921లో జాకబు బొంబాయిలో పేదవాడుగా మరణించెను. ఆ వజ్రము మాత్రము జాకబు వజ్రమని అతని పేరనే లోకమున నిలిచినది.

ఈ ఇద్దరి భేదము విద్యార్థులు గమనింపదగినది. నష్టము ఇద్దరికిని కలిగెను. నిజామునకు అది పెద్ద కొండనుండి రాలిన బండ. జాకబునకు అదియే కొండ. ఒడ్డిన సొమ్ము ఎంత అనుట కాదు, ఉన్నదానిలో అది ఎన్నవ వంతు అనుటయే మనుజుని నిలుపును, కూల్చును. మూలధనమంతయు ఒక్క పందెమున పెట్టినవానికి రెండవ పందెము ఆడు అవకాశముండదు. అతడు తెలివిలేనివాడు కానక్కరలేదు. జాకబు ఎంతయో తెలివిగలవాడు. తెలివి పందెమును ఎన్నుకొనుటకు ఉపకరించును. పందెపు మితిని నిర్ణయించుటకు నిగ్రహము కావలెను.

ఇట్టి నిదర్శనము నిజాము ఆస్థానముననే మరియొకటి కలదు. అస్మాన్ జా తరువాత ప్రధానియైన వికారుల్ ఉమ్రా 1884లో ఫలక్‌నుమా సౌధమును కట్టుటకు ఆరంభించెను. ఏండ్లు గడచిన కొలది ఖర్చు పెరిగి ఆయనను అప్పుల పాలుచేసెను. తుదకు 1897లో ఆ భవనము నిజాము వశమయ్యెను. సగము కట్టిన ఇంటిని ఆపుట ఎంత కష్టమో ఇల్లు కట్టినవారికి తెలియును. ఇప్పటికే ఇంత పెట్టితిమి, ఇంకొంత పెట్టినచో పూర్తియగును అను మాట పందెగాని మనస్సులో మెదలు మాటవంటిదే.

వ్యాజ్యము ముగిసిన పిమ్మట మహబూబ్ పాషా చేసిన పని చిత్రమైనది. ఆయన ఆ వజ్రమును కిరీటమున పొదిగించుకొనలేదు, దర్బారులో ధరింపలేదు. ఏండ్ల తరువాత ఆయన కుమారుడు మీర్ ఉస్మాన్ అలీఖాను చౌమహల్లా భవనమున తండ్రి పాదరక్షయొక్క ముందుభాగమున దాచియున్న ఆ రత్నమును కనుగొనెనని ప్రసిద్ధి. కోపమున పారవేసెనో, సిగ్గుచే దాచెనో చెప్పజాలము. ఫలితము మాత్రము స్పష్టము. ఆ రాతివలన పోయిన దానిని ఆ రాతితోనే రాబట్టవలెనని ఆయన మరల ప్రయత్నింపలేదు. ఆ ఖాతా అంతటితో మూతపడెను. గొప్ప పాఠము సింహాసనము ఎదుట నేర్చుకొన్నది కాదు, చెప్పులో దాచుకొన్నది.

నష్టముల వరుస అంతటితో ఆగలేదు. 1899, 1900 సంవత్సరములలో దారుణమైన కరవు సంభవించెను. శిస్తులు రాలేదు, గంజి కేంద్రములకును, పనులకును ఖర్చు పెరిగెను. ఖజానా లోటులో పడెను. ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఆర్థిక వ్యవహారముల కొఱకు కాసన్ వాకర్ అను ఇంగ్లీషు ఉద్యోగి నియమితుడయ్యెను. ఇందులో ఇంగ్లీషు ప్రభుత్వపు ఒత్తిడి ఉన్నమాట నిజము. స్వాతంత్ర్య దృష్టితో చూచినచో ఇది సంతోషింపదగినది కాదు. కాని నిజాము ఆ కట్టుబాటునకు లోబడెను. తాను లెక్క చూడలేనని ఎరిగినవాడు తాళపుచెవిని లెక్క చూడగలవాని చేత పెట్టుట ఓటమి కాదు. బడ్జెటు క్రమబద్ధమాయెను. హాలీ సిక్కా నాణెములు యంత్రములతో ముద్రింపబడి, చార్మినారు బొమ్మతో వెలువడెను. ఆ దశాబ్ది ముగియునప్పటికి లోటు తొలగి ఖజానా తేరుకొనెను. సాలార్‌జంగ్ నలుబదేండ్ల క్రిందట నేర్పిన పాఠమునే రాజ్యము మరల నేర్చుకొనెను.

బీరారు విషయమున మాత్రము ఆయన ఓడెను. సాలార్‌జంగ్ జీవితాంతము తిరిగి రాబట్టుటకు పాటుపడిన ఆ మండలమును, 1902లో లార్డు కర్జనుతో జరిగిన ఒడంబడిక ప్రకారము, ఏటా 25 లక్షల రూపాయలకు శాశ్వతముగా కౌలు కీయవలసి వచ్చెను. అది ప్రబలుడైన ప్రత్యర్థి శాసించిన ఆట. ఎంత నిగ్రహము గలవాడైనను గెలువలేని ఆటలు కలవు. ఆట కట్టడి ఎవరి చేతిలోనున్నదో ముందుగా తెలిసికొనుట కూడ వివేకమే.

1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరమును ముంచెత్తెను. వేలకొలది జనులు మరణించిరి, ఇండ్లు కుప్పకూలెను, వంతెనలు తెగెను. మహబూబ్ పాషా రాజభవనముల ద్వారములను బాధితుల కొఱకు తెరపించెను. వంటశాలలు నడపించెను. ఖజానానుండి ధారాళముగా సొమ్ము ఇచ్చెను. నదీమతల్లి శాంతించుటకై హిందువుల ఆచారము ననుసరించి పూజ చేసెనని జనులు నేటికిని చెప్పుకొందురు. వజ్రమునకు 23 లక్షలు ముందిచ్చిన చేయియే ఇది. ఆ దశాబ్దములో ఖజానాను కాపాడియుండనిచో ఈ దానమునకు సొమ్ము ఎక్కడనుండి వచ్చియుండెడిది? నిగ్రహము పిసినారితనము కాదు. ఈయవలసిన దినమున ఈయగలుగుటకై ఈయరాని దినమున మూసియుంచిన పిడికిలి అది.

1911 ఆగస్టు 29న, నలుబదియైదేండ్ల వయస్సున, మహబూబ్ అలీఖాను ఫలక్‌నుమా భవనమున కన్నుమూసెను. మక్కా మసీదు ఆవరణమున సమాధి చేయబడెను. కుమారుడు తండ్రికి పూర్తిగా విరుద్ధస్వభావుడు. పొదుపునకు ప్రఖ్యాతుడైన ఉస్మాన్ అలీఖాను ఆ వజ్రమును కాగితములపై బరువుగా వాడెనని చెప్పుదురు. 1995లో భారత ప్రభుత్వము నిజాముల నగలను 218 కోట్ల రూపాయలకు కొనెను. జాకబు వజ్రమును వాటిలో చేరినది. తండ్రి అతిగా విప్పెను, కొడుకు అతిగా బిగించెను. ప్రజల హృదయములలో మాత్రము విప్పిన తండ్రికే ఎక్కువ చోటు దొరికెను. ఆ ప్రేమ వజ్రములవలన వచ్చినది కాదు. వరదనాటి అన్నమువలన వచ్చినది.

నేటి దిల్‌సుఖ్‌నగరు కోచింగు సెంటర్లకును, హాస్టళ్లకును పెట్టింది పేరు. తల్లిదండ్రులు పంపిన సొమ్ముతో పోటీపరీక్షలకు చదువు యువకులు వేలకొలది అక్కడ నివసింతురు. పందెము ఆడుటకు ఇప్పుడు మలక్‌పేట దాక పోనక్కరలేదు. చేతిలోని ఫోనే మైదానమాయెను. యంత్రము ముక్కలు పంచు వీడియో పోకరు వంటి ఆటలలో ప్రతి పంపకమునకు పేక క్రొత్తగా కలుపబడును. కడచిన పదిమారులు ఓడినందున పదునొకండవమారు గెలుపు దగ్గరపడినదనుట భ్రమ. పది రూపాయలు ఓడి, ఇరువది, నలుబది అని రెట్టించుచు పోయినవాడు వరుసగా పదిమారులు ఓడినచో 10,230 రూపాయలు పోగొట్టుకొనును. పదునొకండవ పందెమునకు మరి 10,240 కావలెను. అది గెలిచినను మిగులునది పది రూపాయలే. చిన్న పందెము నష్టమును మెల్లగా రానిచ్చును కాని లాభముగా మార్చదు. ముందు గీచుకొన్న గీత వద్ద లేచిపోవుట ఒక్కటే ఆటగాని వశమునందున్న పని. తెలంగాణ ప్రభుత్వము 2017లో సొమ్ము ఒడ్డి ఆడు ఆన్‌లైను ఆటలను నిషేధించెను. 2025లో పార్లమెంటు దేశమంతటికిని అట్టి చట్టము చేసెను. చట్టము తలుపు మూయగలదు. లోపలి ఆశను మూయుట గురువులును, తల్లిదండ్రులును, తుదకు ఆ యువకుడును చేయవలసిన పని.

సొమ్ము పోయిన రాత్రి ఎవరికిని చెప్పుకొనలేక, తెల్లవారులోగా రాబట్టవలెనని మరల ఫోను తెరచు కుఱ్ఱవానికి మహబూబ్ పాషా చరిత్ర ఉపకరింపవచ్చును. రాజ్యమేలిన ప్రభువు సైతము పోయినదానిని వెంటాడి పరువు పోగొట్టుకొనెను. ఆయన తేరుకొన్నది మరియొక వజ్రమును కొని కాదు. ఉన్న వజ్రమును కంటికి కనబడకుండ దాచి, తాళపుచెవిని మరొకరికి అప్పగించి. హాస్టలు గదిలోని విద్యార్థికి ఆ మరొకరు తండ్రి కావచ్చును, అన్న కావచ్చును, పాఠము చెప్పు మాస్టరు కావచ్చును. వారితో మరునాటి ఉదయమే చెప్పుకొన్న నష్టము ఎంతదైనను చిన్నదే.